పిల్లల గుండె దడ: ఆగి చూడటమా, మందులా, అబ్లేషనా? చిక్కులు ఎక్కడ వస్తాయో తెలుసుకుని ఎంచుకోండి

గుండెలోకి సన్నటి తీగ పంపి, దడ తెచ్చే చోటును వేడితోనో చలితోనో పనిచేయకుండా చేసే అబ్లేషన్‌లో ప్రమాదం ఎంత అని అడిగితే చాలామందికి దొరికే జవాబు ‘చాలా తక్కువ, రెండు మూడు శాతం’ అన్నదే. అది అబద్ధమేమీ కాదు. కానీ బిడ్డను ఆ పని చేసే గది, అంటే క్యాథ్‌ల్యాబ్ బల్ల మీదికి పంపాలా వద్దా అని తేల్చుకోవాల్సిన తల్లిదండ్రులకు ఆ ఒక్క అంకె చాలదు. రకరకాల పిల్లల్ని, రకరకాల జబ్బుల్ని కలిపి తీసిన సగటు అది. గుండె ఎడమ గోడలో విద్యుత్ వెళ్లే అదనపు దారిని తొలగించినా, నడిమధ్యలో అసలు దారిని ఆనుకుని ఉన్నదాన్ని తొలగించినా పేరు ఒకటే, ప్రమాదం మాత్రం వేరు. పన్నెండు కిలోల బిడ్డకు ఉండే ప్రమాదం నలభై కిలోల బిడ్డకు ఉండదు.

నేను డాక్టర్‌ను కాను. హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రి క్యాథ్‌ల్యాబ్‌లో, గుండె లోపలి విద్యుత్ సంకేతాలు కనిపించే తెర ముందు కూర్చునే టెక్నీషియన్‌ను. గది బయట కుర్చీల్లో ఎదురుచూసే అమ్మానాన్నలు మమ్మల్ని ఆపి అడిగే ప్రశ్నలు దాదాపు అన్నీ మంచి ప్రశ్నలే. కాకపోతే సంతకాలు అయిపోయాక, బిడ్డకు మత్తు ఇచ్చాక అడుగుతారు. అవన్నీ ఒక వారం ముందే, డాక్టర్ గదిలో కూర్చుని అడగాల్సినవి. అందుకే ఇది రాస్తున్నాను. మీ బిడ్డ డాక్టర్ చెప్పిన మాటను పక్కన పెట్టడానికి దీన్ని వాడకండి. ఆ మాటను లోతుగా అర్థం చేసుకోవడానికి వాడండి.

ముందుగా జబ్బేమిటో, అది ఎక్కడుందో తేలాలి

పిల్లల్లో ఉన్నట్టుండి మొదలై, స్విచ్ ఆపినట్టు ఆగిపోయే దడలో ఎక్కువ భాగం ఎస్‌వీటీ, అంటే కింది గదుల పైభాగం నుంచి పుట్టే అతివేగపు దడ. గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ వెళ్లడానికి మామూలుగా ఒకటే దారి ఉంటుంది. దాన్ని ఏవీ నోడ్ అంటారు. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఇంకో అదనపు దారితో పుడతారు. విద్యుత్ ఒక దారిన దిగి, ఇంకో దారిన పైకెక్కి గుండ్రంగా తిరగడం మొదలుపెడితే గుండె నిమిషానికి రెండు వందల సార్లకు పైగా కొట్టుకుంటుంది. పసిపిల్లల్లో, చిన్నపిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. దడ లేనప్పుడు తీసిన ఈసీజీలో కూడా ఈ అదనపు దారి ఆనవాలు కనిపిస్తే దాన్ని డబ్ల్యూపీడబ్ల్యూ అంటారు. పదేళ్లు దాటిన పిల్లల్లో రెండో రకం పెరుగుతుంది. అందులో అదనపు దారి విడిగా ఉండదు. ఏవీ నోడ్ దగ్గరే వేగంగా నడిచే దారి, నెమ్మదిగా నడిచే దారి అని రెండు పాయలుంటాయి. దీన్ని ఏవీఎన్ఆర్‌టీ అంటారు. మిగిలిన రకాలు పిల్లల్లో తక్కువ.

ఈ నిర్ణయానికంతటికీ ఆధారమయ్యే కాగితం ఒకటుంది. దడ నడుస్తున్నప్పుడు తీసిన పన్నెండు లీడ్ల ఈసీజీ. నల్గొండ, మహబూబ్‌నగర్ నుంచి వచ్చే కుటుంబాల్లో చాలామంది దగ్గర అది ఉండదు. అక్కడి ఆసుపత్రిలో ఇంజక్షన్ ఇచ్చి దడ ఆపేస్తారు, బిడ్డ తేరుకుంటుంది, కాగితం ఫైల్‌లోనో చెత్తబుట్టలోనో పోతుంది. మరోసారి అలా జరిగితే, ఇంజక్షన్ ఇవ్వడానికి ముందు ఒకటి, ఇస్తున్నప్పుడు ఒకటి ఈసీజీ తీయమని గట్టిగా అడగండి. బిడ్డ స్పృహ తప్పుతున్నా, ఒళ్లు చల్లబడుతున్నా మాత్రం ఈసీజీ కోసం ఆగకూడదు, చికిత్సే ముందు. ఆ ఈసీజీ కాగితం వేడికి నల్లబడుతుంది, కొన్ని నెలలకు గీతలు మాసిపోతాయి. చేతికి రాగానే ఫోనులో స్పష్టంగా ఫొటో తీసి పెట్టుకోండి. డబ్ల్యూపీడబ్ల్యూ ఉన్న బిడ్డకైతే మామూలుగా తీసిన ఈసీజీని బట్టి కూడా దారి కుడివైపుందా, ఎడమవైపుందా, మధ్యలో ఉందా అన్నది డాక్టర్ చాలావరకు అంచనా వేయగలరు. ఆ అంచనా ఏమిటో అడిగి రాసుకోండి. ఇకపై నేను చెప్పే పోలికంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఆగి చూడటం ఎవరికి సరిపోతుంది

ఏడాది లోపు పసిబిడ్డకు ఎస్‌వీటీ వస్తే, గుండె నిర్మాణం మామూలుగా ఉంటే, కాలం మీ పక్షాన ఉంది. ఈ బిడ్డల్లో సగానికి పైగా తొలి పుట్టినరోజు నాటికి దడ రావడం మానేస్తుంది. ఆ అదనపు దారి దానంతటదే పనిచేయడం మానేస్తుందన్నమాట. కొందరిలో బడి వయసులో, లేదా ఎదిగే వయసులో మళ్లీ తలెత్తుతుంది. అప్పటికి బిడ్డ బరువు, రక్తనాళాల సైజు పెరిగి ఉంటాయి కాబట్టి అప్పుడు ఎంపిక సులువు. అందుకే పసిబిడ్డకు మందులతో ఏడాది గడపడమే సాధారణంగా మొదటి ఎంపిక, అబ్లేషన్ ఆఖరిది.

పెద్ద పిల్లల్లో దడ ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చి, నిమిషాల్లో దానంతటదే ఆగిపోతూ, మామూలు ఈసీజీలో డబ్ల్యూపీడబ్ల్యూ లేకపోతే మందులు లేకుండా చూస్తూ ఉండటం కూడా గౌరవించదగ్గ నిర్ణయమే. అయితే ఇంట్లో ఏం చేయాలో తెలిసి ఉండాలి. పెద్ద పిల్లలు పడుకుని, నోరు ముక్కు బిగించి పది పదిహేను సెకన్లు గట్టిగా ముక్కితే చాలాసార్లు ఆగిపోతుంది. పసిబిడ్డకైతే మంచు నీళ్ల సంచిని నుదురు, ముక్కు పైభాగం మీద కొన్ని సెకన్లు ఆనిస్తారు. ముక్కురంధ్రాలు, నోరు మూయకుండా ఎలా ఆనించాలో ఆసుపత్రిలో చేసి చూపించమనండి. కనుగుడ్ల మీద నొక్కే పాత పద్ధతి మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, కంటికి దెబ్బ తగులుతుంది. పసిబిడ్డ పాలు తాగకుండా, చెమటలు పట్టి, రంగు మారి, ఎగశ్వాస తీస్తుంటే ఇంటి చిట్కాలతో సమయం గడపకుండా ఆసుపత్రికి బయలుదేరండి. చిన్నారులు దడ గురించి చెప్పలేరు. గంటల తరబడి నడిచిన దడ వారి గుండెను నీరసపరుస్తుంది.

ఆగి చూడకూడని వారు కూడా ఉన్నారు. దడలో స్పృహ తప్పిన బిడ్డ మొదటి వరస. రోజంతా ఆగకుండా నడిచే రకం దడ ఉన్న బిడ్డ రెండోది. ఈ రకంలో గుండె వేగం మరీ ఎక్కువగా ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు, ఈలోపు గుండె కండరం నెమ్మదిగా బలహీనపడుతుంది. దడను అదుపు చేస్తే ఆ కండరం చాలావరకు కోలుకుంటుంది.

డబ్ల్యూపీడబ్ల్యూ ఉండి ఏ బాధా లేని పిల్లల సంగతి వేరే చెప్పాలి. బడిలో ఆటల పోటీలకు ముందో, ఇంకేదో ఆపరేషన్‌కు ముందో తీసిన ఈసీజీలో అనుకోకుండా బయటపడుతుంది. ఇంట్లో అందరూ కంగారుపడతారు. వీరిలో ఆకస్మిక మరణం చాలా అరుదు, కానీ పూర్తిగా లేదని చెప్పలేం. పై గదులు అదుపు తప్పి అతివేగంగా కొట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు, అదనపు దారి ఆ వేగాన్నంతా వడపోయకుండా కిందికి పంపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఆ దారి ఎంత వేగాన్ని మోయగలదో కొలవడమే ఇక్కడ అసలు పని. 2012లో పిల్లల గుండె లయ నిపుణులు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు ముందు ట్రెడ్‌మిల్ పరీక్ష చేస్తారు. వేగం పెరిగేకొద్దీ అదనపు దారి ఆనవాలు ఒక్కసారిగా మాయమైతే అది బలహీనమైన దారి, ఊరట పడవచ్చు. మాయం కాకపోతే ఈపీ స్టడీ, అంటే గుండెలోకి తీగలు పంపి విద్యుత్ దారులను పరీక్షించడం, చేసి కొలుస్తారు. పై గదులను అతివేగంగా కొట్టుకునేలా చేసినప్పుడు, ఆ దారి గుండా వచ్చిన రెండు స్పందనల (దెబ్బల) మధ్య అతి తక్కువ వ్యవధి 250 మిల్లీసెకన్లు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే దాన్ని తొలగించడం మేలని భావిస్తారు. ‘ఏ బాధా లేదు కదా, ఎందుకు’ అని ట్రెడ్‌మిల్ పరీక్షను కూడా వద్దనుకునే వారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ పరీక్షలో సూది పొడిచేది కూడా ఉండదు.

మందులు: నమ్మకమైనవే, కానీ నయం చేయవు

మందులు దడ రాకుండా అడ్డుకుంటాయి, దారిని తొలగించవు. ఈ తేడా తెలియక ‘మూడేళ్లు వాడాం, ఇంకా తగ్గలేదు’ అని నిరాశపడేవారు ఎక్కువ. ప్రొప్రనలాల్ వంటి బీటా బ్లాకర్లు ఎక్కువగా మొదట ఇస్తారు. ఉబ్బసం ఉన్న బిడ్డకు అవి పనికిరావు. పసిబిడ్డ పాలు సరిగా తాగని రోజున, వాంతులైన రోజున రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి అలాంటి రోజు మోతాదు ఇచ్చే ముందు డాక్టర్‌కు ఫోన్ చేయాలి. పెద్ద పిల్లల్లో కొందరు నీరసంగా ఉంటుందని, ఆటలో పరిగెత్తలేకపోతున్నామని చెబుతారు. వినండి, అది సాకు కాదు. ఫ్లెకైనైడ్, సొటలాల్ ఇంకాస్త బలమైనవి, ఈసీజీ చూస్తూ జాగ్రత్తగా మొదలుపెడతారు. ఫ్లెకైనైడ్ వాడే పసిబిడ్డల్లో పాలు ఆ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి. పాలు ఒక్కసారిగా తగ్గిస్తే మందు స్థాయి పెరిగిపోతుంది, ఇది చాలా ఇళ్లలో తెలియని సంగతి. అమియోడరోన్ గట్టిగా పనిచేస్తుంది గానీ థైరాయిడ్‌ను దెబ్బతీయగలదు, ఎండకు చర్మం కందిపోయేలా చేస్తుంది. ఏళ్ల తరబడి వాడాల్సిన మందు కాదది.

ఒక హెచ్చరిక. డబ్ల్యూపీడబ్ల్యూ ఉన్న పిల్లలకు డిగాక్సిన్, వెరాపమిల్ సాధారణంగా ఇవ్వరు. అవి అసలు దారిని నెమ్మదింపజేసి, అదనపు దారికే పెత్తనం అప్పగించే ప్రమాదం ఉంది. ఏడాది లోపు పిల్లలకు వెరాపమిల్ ఏ దడకూ ఇవ్వకూడదు. బిడ్డకు డబ్ల్యూపీడబ్ల్యూ ఉందన్న కాగితం బడి సంచిలో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచండి. అర్ధరాత్రి కొత్త ఆసుపత్రికి వెళ్లినప్పుడు అది పనికొస్తుంది.

అబ్లేషన్‌లో చిక్కులు: చోటును బట్టి

తొడ దగ్గరి సిర గుండా సన్నటి తీగలను గుండెలోకి పంపి, అదనపు దారి ఎక్కడుందో వెతికి, అక్కడ కందిపప్పు గింజంత మేర కణజాలాన్ని వేడితోనో చలితోనో పనిచేయకుండా చేయడం అబ్లేషన్. మనుషుల్లో తీగ ద్వారా ఈ పని మొదలైంది 1982లో. ఇప్పుడు వాడే రేడియో తరంగాల వేడి ఆ దశాబ్దం చివర్లో వచ్చింది. అమెరికాలో పిల్లల అబ్లేషన్ల ఫలితాలను 1991 నుంచి ఒకచోట నమోదు చేస్తూ వచ్చారు కాబట్టి, మనకు ఈ రోజు తెలిసినదాంట్లో చాలా భాగం అక్కడిదే.

2004లో వెలువడిన ఆ దేశపు పెద్ద పరిశీలన ప్రకారం నూటికి 96 మందిలో అబ్లేషన్ అప్పటికి విజయవంతమైంది. నూటికి నలుగురిలో ఏదో ఒక చిక్కు వచ్చింది, మరణాలు లేవు. ఏడాది తిరిగేసరికి నూటికి సుమారు 11 మందిలో దడ మళ్లీ వచ్చింది. అంతకుముందు దశాబ్దపు నమోదులో, గుండె నిర్మాణం మామూలుగా ఉన్న పిల్లల్లో మరణం వెయ్యికి ఒకటి చొప్పున ఉంది. బరువు తక్కువ ఉన్న పిల్లల్లో, ఎక్కువసార్లు కాల్చాల్సి వచ్చినవారిలో, ఎడమవైపు చేసినవారిలో ఆ ముప్పు ఎక్కువగా కనిపించింది. ఆ తర్వాత పరికరాలు, అనుభవం బాగా మెరుగయ్యాయి. ఈ అంకెలను గరిష్ఠ హద్దుగా తీసుకోండి.

ఇక చోటు సంగతి. దారి గుండె ఎడమ పక్క గోడలో ఉంటే విజయం అన్నిటికన్నా ఎక్కువ, అసలు దారికి దూరం కాబట్టి దానికి దెబ్బ తగిలే భయం దాదాపు లేదు. కానీ ఎడమవైపుకు చేరాలంటే పై గదుల మధ్య గోడకు సూదితో చిన్న రంధ్రం చేయాలి, లేదా తొడ ధమని గుండా మహాధమని కవాటం దాటి రావాలి. మొదటి పద్ధతిలో గోడ చిల్లుపడి గుండె చుట్టూ రక్తం చేరే అవకాశం కొద్దిగా ఉంది. రెండో దానిలో కవాటానికో, చిన్న ధమనికో గాయం కావచ్చు. ఎడమవైపు ఏర్పడిన చిన్న గడ్డ మెదడుకు చేరే ముప్పు ఉంటుంది కాబట్టి రక్తం గడ్డకట్టకుండా మందిచ్చి చేస్తారు. చాలాచోట్ల తర్వాత కొన్ని వారాలు ఆస్పిరిన్ ఇస్తారు. కుడి పక్క గోడలో ఉంటే ప్రాణాపాయం తక్కువ. అయితే గుండె కదలికకు తీగ కొస అక్కడ నిలవదు, జారుతూ ఉంటుంది. అందుకే అక్కడ దడ తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. కుడివైపు వెనక భాగంలో, గుండె సొంత సిర ముఖద్వారం దగ్గర ఉంటే గుండెకు రక్తమిచ్చే ధమని కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. చిన్నపిల్లల్లో ఆ దూరం ఇంకా తక్కువ. అక్కడ వేడి వాడే ముందు ఆ ధమని ఎంత దూరంలో ఉందో చూస్తారా అని అడగడం తల్లిదండ్రుల హక్కు.

అన్నిటికన్నా ఆలోచించాల్సిన చోటు నడిమధ్య భాగం. ఏవీ నోడ్, దాని నుంచి కిందికి దిగే గుండె సొంత విద్యుత్ కట్ట అక్కడే ఉంటాయి. ఏవీఎన్ఆర్‌టీ చికిత్స కూడా దాని పక్కనే. వేడి నాలుగు మిల్లీమీటర్లు పక్కకు పాకితే పై గదుల నుంచి కింది గదులకు సంకేతం శాశ్వతంగా తెగిపోవచ్చు. దీన్నే హార్ట్ బ్లాక్ అంటారు, రక్తనాళాల్లో పూడికకు దీనికి సంబంధం లేదు. అలా తెగితే పేస్‌మేకర్ పెట్టాలి. పన్నెండేళ్ల బిడ్డకు పేస్‌మేకర్ అంటే బతుకంతా కొన్నేళ్లకోసారి బ్యాటరీ మార్పు, ఎదిగే ఒంట్లో దాని తీగలు (లీడ్లు) మార్చాల్సి రావడం. ఏవీఎన్ఆర్‌టీలో వేడితో ఈ చిక్కు నూటికి ఒకటి అటూ ఇటూ. అంకె చిన్నదే. కానీ అబ్లేషన్ లేకుండానే బతకగలిగిన ఆరోగ్యవంతుడైన బిడ్డ విషయంలో ఆ ఒక్కటి చాలా బరువైనది.

మిగిలినవి త్వరగా చెబుతాను. తొడ దగ్గర రక్తం గూడుకట్టడం, సిరలో గడ్డ చేరడం చిన్నపిల్లల్లో కాస్త ఎక్కువ. మత్తు ప్రమాదం ఉంది, పిల్లల మత్తు నిపుణుడుంటే తక్కువ. ఎక్స్‌రే కిరణాల భయం ఒకప్పుడు నిజమైనది. ఇప్పుడు గుండె లోపలి పటాన్ని, తీగ ఎక్కడుందో కంప్యూటర్ తెర మీద చూపే త్రీడీ మ్యాపింగ్ ఉన్న ల్యాబ్‌లలో చాలా కేసులు ఎక్స్‌రే దాదాపు వాడకుండానే అవుతాయి.

వేడా, చలా

ఏవీ నోడ్ పక్కన వేడి పెట్టినప్పుడు మా గదిలో ఏం జరుగుతుందో చెబుతాను, తేడా అర్థమవుతుంది. డాక్టర్ పాదం పెడల్ మీద ఉంటుంది. తీగ కొస యాభై అరవై డిగ్రీలకు చేరగానే తెర మీద ఏవీ నోడ్ దగ్గరి నుంచి పుట్టిన కొత్త దెబ్బలు వరసగా కనిపిస్తాయి. సరైన చోట పడుతోందనడానికి అది గుర్తు. మేం చూసేది మాత్రం ఇంకొకటి. ఆ ప్రతి దెబ్బా వెనక్కి ప్రయాణించి పై గదిని తాకుతోందా అని చూస్తాం. ఒక్క దెబ్బ పై గదిని చేరకపోతే ‘ఆఫ్’ అని అరుస్తాం, పాదం పైకి లేస్తుంది. ఆ కేక ఒక సెకను ఆలస్యమైనా నష్టం జరిగిపోవచ్చు. అనుభవమున్న బృందం అంటే ఆ సెకనులో తడబడని బృందం.

చలితో అంటే క్రయోతో చేసేటప్పుడు గదిలో ఒత్తిడి వేరు. ముందు తీగ కొసను మైనస్ 30 డిగ్రీలకు మాత్రమే చల్లబరుస్తారు. కొస గుండె గోడకు మంచుతో అతుక్కుపోతుంది, బిడ్డ గట్టిగా ఊపిరి పీల్చినా జారదు. ఆ చలికి కణజాలం తాత్కాలికంగా మొద్దుబారుతుంది. ఈలోపు పై గది నుంచి కింది గదికి సంకేతం చేరే సమయం పెరుగుతోందా అని చూస్తాం. పెరిగితే వెంటనే చలి ఆపేస్తారు, నిమిషం లోపే గీత మామూలుకు వచ్చేస్తుంది. పెరగకపోతేనే మైనస్ 70 కిందికి దించి నాలుగు నిమిషాల వరకు ఉంచుతారు. అందుకే క్రయోతో శాశ్వత హార్ట్ బ్లాక్ చాలా చాలా అరుదు. దీనికి చెల్లించే మూల్యం దడ తిరిగి రావడం. వేడితో పోలిస్తే క్రయో తర్వాత అది రెట్టింపో, ఇంకా ఎక్కువో ఉంటుంది. సమయం కూడా ఎక్కువ పడుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నడిమధ్య భాగంలో, ముఖ్యంగా చిన్నపిల్లలకు, క్రయో అందుబాటులో ఉంటే నేను దానివైపే మొగ్గుతాను. దడ మళ్లీ వస్తే మళ్లీ చేయించుకోవచ్చు. తెగిన దారిని తిరిగి అతికించలేం. పక్క గోడల్లో ఉన్న దారులకు మాత్రం వేడే మేలు, అక్కడ క్రయో కోసం పట్టుబట్టడం అనవసరం.

హైదరాబాద్‌లో ఇంకో చిక్కుంది. ‘మా దగ్గర క్రయో ఉంది’ అని చెప్పే ఆసుపత్రిలో అది పెద్దవాళ్ల గుండె లయ జబ్బుకు వాడే బెలూన్ కావచ్చు. యంత్రం అదే, తీగ వేరు. పిల్లలకు కావలసింది కొసతో చల్లబరిచే సన్నటి తీగ. అది తెప్పించి ఉంచుతారా, తెప్పించడానికి ఎన్ని రోజులు పడుతుందో తేదీ ఇచ్చే ముందే అడగండి.

బరువు, ఆసుపత్రి, ఖర్చు

2016లో పిల్లల గుండె లయ నిపుణులు ఇచ్చిన మార్గదర్శకాలు వయసుకన్నా బరువును కొలమానంగా తీసుకున్నాయి. 15 కిలోలకు తక్కువ ఉన్న బిడ్డకు మందులు పనిచేయనప్పుడు, గుండె దెబ్బతింటున్నప్పుడు మాత్రమే అబ్లేషన్ ఆలోచించాలి. ఆ బరువు దాటిన పిల్లల్లో పెద్ద చిక్కుల రేటు పెద్ద పిల్లల స్థాయికి దగ్గరగా ఉంటుంది. మందులతో నెట్టుకురాగలిగితే పన్నెండు కిలోల బిడ్డ పదహారు కిలోలయ్యే వరకు ఆగడం కాలయాపన కాదు, అదే చికిత్స. పుట్టుకతో గుండె నిర్మాణంలో లోపం ఉండి ఆపరేషన్ చేయించాల్సిన పిల్లల్లో లెక్క మారుతుంది. గుండె కుడివైపు కవాటం సరిగా ఏర్పడని ఎబ్‌స్టీన్ లోపంలో కుడివైపు ఒకటికి మించి అదనపు దారులు ఉండటం తరచు చూస్తాం. ఆపరేషన్ తర్వాత అక్కడికి తీగ చేరడం కష్టమవుతుంది కాబట్టి ముందే అబ్లేషన్ చేయడం గురించి సర్జన్, లయ నిపుణుడు కలిసి మాట్లాడుకోవాలి.

నీలోఫర్‌లో పిల్లల డాక్టర్‌కు చూపించుకుని నిమ్స్‌కో, కార్పొరేట్ ఆసుపత్రికో వచ్చే కుటుంబాలు ‘ఏ ఆసుపత్రి మంచిది’ అని అడుగుతుంటారు. పేరు చెప్పడం నా పని కాదు. పిల్లల గుండె లయకే ప్రత్యేకించి శిక్షణ పొందిన డాక్టర్లు దేశమంతటా కొద్దిమందే. హైదరాబాద్‌లో కూడా చాలా కేసులు పెద్దవాళ్లకు చేసే లయ నిపుణులే చేస్తారు. నలభై కిలోల పదో తరగతి బిడ్డకు అది ఏ మాత్రం లోటు కాదు, రోజూ ఇవే కేసులు చేసే చేయి కాబట్టి కొన్నిసార్లు మేలు కూడా. పదహారు కిలోల బిడ్డకైతే పక్కన పిల్లల గుండె డాక్టర్, పిల్లల మత్తు డాక్టర్ ఉండాలి, రాత్రి పడుకోబెట్టేది పిల్లల ఐసీయూ అయి ఉండాలి, గుండె చుట్టూ రక్తం చేరితే వెంటనే చూడగల సర్జన్ అదే భవనంలో ఉండాలి. ‘మా బిడ్డ అంత బరువున్న పిల్లలకు మీరు ఏడాదికి ఎన్ని కేసులు చేస్తారు?’ అని డాక్టర్‌ను సూటిగా అడగండి. మంచి డాక్టర్ దానికి నొచ్చుకోరు, అంకె చెబుతారు.

ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలవాలి. తెలంగాణలో 2023 డిసెంబరులో పథకం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. కానీ మీకు ముఖ్యం పరిమితి కన్నా ప్యాకేజీ. అందులో త్రీడీ మ్యాపింగ్ కలుస్తుందా, క్రయో తీగ ఖర్చు ఎవరిది, దడ తిరిగి వచ్చి రెండోసారి చేయాల్సి వస్తే మళ్లీ అనుమతి దొరుకుతుందా, ఈ మూడూ అడగండి. ప్రైవేటు బీమా ఉన్నవారికి కూడా ఇవే ప్రశ్నలు.

తర్వాతి రోజుల మాట. కాళ్లు చాపి కొన్ని గంటలు కదలకుండా ఉండటం పిల్లలకు కష్టం, కథల పుస్తకమో ఫోనో దగ్గర పెట్టుకోండి. సాధారణంగా మర్నాడు ఇంటికి పంపుతారు. వారం పది రోజులు సైకిలు, పరుగు వద్దు. తొడ దగ్గర వాపు పెరిగినా, కాలు చల్లబడినా, జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, స్పృహ తప్పడం ఏది కనిపించినా ఆసుపత్రికి రండి. హార్ట్ బ్లాక్ అరుదుగా ఆలస్యంగా కూడా బయటపడుతుంది కాబట్టి తర్వాతి ఈసీజీలు మానేయకండి. అప్పుడప్పుడూ ఒక దెబ్బ తప్పినట్టు అనిపించడం కొన్ని వారాలు మామూలే.

నేనైతే ఎలా ఎంచుకుంటాను

ఆరు నెలల పసిబిడ్డకు మందులు. ఎనిమిదేళ్ల బిడ్డకు ఎడమ గోడలో దారి ఉండి, నెలకోసారి దడ వస్తూ, మందుతో బడిలో నిద్రమత్తుగా ఉంటుంటే అబ్లేషన్, వేడితోనే. ఆ వయసులో ఏవీఎన్ఆర్‌టీ ఏడాదికి రెండుసార్లు వచ్చి ముక్కితే ఆగిపోతుంటే ఆగి చూస్తాను, పెద్దయ్యాక బిడ్డనే అడుగుతాను. పద్నాలుగేళ్ల ఆటగాడికి డబ్ల్యూపీడబ్ల్యూ ఉండి దారి వేగవంతమైనదని తేలితే ఆలస్యం చేయను. దడలో ఒక్కసారైనా స్పృహ తప్పిన డబ్ల్యూపీడబ్ల్యూ బిడ్డకు వాయిదా ఉండదు.

కష్టమైనది ఒకటే మిగిలింది. దారి ఏవీ నోడ్‌ను ఆనుకుని ఉంది, దడ అప్పుడప్పుడూ వస్తుంది, మందు సగం పనిచేస్తోంది. ఇక్కడ ఈపీ స్టడీకి వెళ్లవచ్చు, కానీ అబ్లేషన్ అక్కడికక్కడే చేసి తీరాలన్న షరతుతో వెళ్లకూడదు. సంతకం పెట్టే ముందు డాక్టర్‌ను ఇలా అడగండి: ‘తీగ లోపలికి వెళ్లాక ప్రమాదం ఎక్కువనిపిస్తే మీరు ఏ దశలో ఆపేస్తారు? ఆపేస్తే మేం తప్పుపట్టం.’ రెండో వాక్యం తప్పకుండా చెప్పండి. బయట కూర్చున్న కుటుంబం ఫలితం కోసం ఒత్తిడి చేయదని తెలిసిన డాక్టర్, మైనస్ 30 దగ్గర గీత సాగుతుంటే చలి ఆపేసి, తీగలు తీసేసి, ‘ఈసారికి మందులు కొనసాగిద్దాం, రెండేళ్ల తర్వాత చూద్దాం’ అని బయటికి వచ్చి చెప్పగలుగుతారు.